ఎడమ చెవిలో ఆదివారం

“ఐసు దారిలోనే కరిగిపోతే? మందు పాడైపోనాదని తెలీక, ఆ పాడైన మందే పిల్ల సెవిలో ఎక్కించీస్తే అప్పుడేటి సేస్తాం?”

సింహాచలమ్మ ఈ మాట అనే వేళకి ఐసు ఇంకా కొననే లేదు. “ముందు కొనమ్మా, తరవాత కరిగిద్దువు,” అంది కూతురు హైమ, రోగుల బల్ల మీద కూర్చుని ఎడమ చెవిలో దూది సర్దుకుంటూ. లమ్మడా పేటలో నది వైపు దిగే ఒక సందు, కింద టోకు ఉల్లిపాయల కొట్లు, పైన నాలుగో అంతస్తులో బోర్డు లేని వైద్యశాల. తెల్లవారుజామున పోయిన కరెంటు పదకొండైనా రాలేదు. నిన్న సరిహద్దు దాటి వచ్చిన మందు గుమ్మం పక్కన నీలంరంగు పెట్టెలో ఉంది. పెట్టెలో ఐసు అడుక్కి దిగిపోయింది. ఒంటిగంట లోపల కొత్త ఐసు పడకపోతే మందు పారబొయ్యడమేనని సయామా చెప్పింది. బర్మావాళ్ళు పంతులమ్మనీ డాక్టరమ్మనీ కూడా సయామా అనే పిలుస్తారు, గౌరవం ఒక్కటే గనక. నర్సు గంగాభవాని పెట్టె వదిలి కదలకూడదు. పోనీ నేనే పోతానని సింహాచలమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని నాలుగంతస్తులూ దిగింది.

దిగింది, ఐసు దొరికింది, కరగనూ లేదు. గోనెపట్టాలో చుట్టి, పొట్టు చల్లి, ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చారు. దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ప్రతి మలుపు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటూ, మూడో అంతస్తు దాటి ఆఖరి వరస మెట్లు ఎక్కుతోంది. గాలి కోసం పైన తలుపు బార్లా తీసి ఉంచారు. పరదా వెనక సయామా గట్టిగా మాట్లాడుతోంది, చెవి సరిగా వినపడని పిల్లతో మాట్లాడుతున్నట్టు.

“చెవిలో ఈ మోత సరిగ్గా ఏ రోజు మొదలైందో చెప్పు. పేలుడు వల్లనా, మరో రకంగానా? సూది ఎక్కడ దించాలో దాన్ని బట్టే ఉంటుంది.”

“బాంబు కాదు సయామా,” అంది హైమ బర్మీసులో. “బాంబు బుధవారం. ఇది అంతకుముందు ఆదివారం నుంచే. పొద్దున్న. ఇంట్లోనే.”

“ఇంట్లో ఏమైంది?”

హైమ ఏం చెప్పిందో, అసలు చెప్పిందో లేదో సింహాచలమ్మ వినలేదు. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. ఐసు మూట ఒళ్ళో ఉంది, రెండు చేతులూ దాని మీద ఉన్నాయి, చల్లదనం తొడల్లోకి దిగుతోంది. అయినా ఆ చల్లదనం ఎవరికో తగులుతున్నట్టుంది. ఎదురుగా గోడ మీద సున్నం పెచ్చు ఊడి ఒక ఆకారం కట్టింది, అది ఏనుగులా ఉందా పడవలా ఉందా అని చూస్తోంది. ఇలాంటప్పుడు చూడవలసినది అది కాదని తెలుసు, అయినా చూస్తోంది. ఆదివారం. ఏ ఆదివారం? ఆదివారాలు ఎన్ని లేవు. ఇంట్లో అంటే ఏ ఇంట్లో, చిమిండైంగులో బజారు వెనక మన రెండు గదుల ఇంట్లోనేనా, ఆ రోజు ఇంట్లో ఏదైనా పడిందేమో, అటక మీది ఇత్తడి డేగిసా పడితే చెవులు గింగుర్లెత్తవూ, లేకపోతే పక్కింటివాళ్ళు గోడకి మేకు కొట్టారేమో. అలా ఒక్కొక్కటీ తెచ్చి ఆ ఆదివారం మీద పెట్టి చూసింది. ఒక్కటీ అతకలేదు. అతికేది ఒక్కటే ఉంది. అది తనంతట తనే వచ్చి కూర్చుంది.

ఆ పొద్దున్న ఆమె దోసెలు పోస్తోంది. చిమిండైంగు బజారు మొగదలలో ఇరవై ఏళ్ళుగా ఆమె పోసే దోసెల్ని బర్మావాళ్ళు తొషే అంటారు. తొషే సింహా అంటే ఆ రేవు వరకూ ఎరగనివాళ్ళు లేరు. ఆదివారం బేరం ఎక్కువని ముందుగా ఇంటి దగ్గరే రెండు వాయిలు పోసుకుంటుంది. హైమ పసుపుపచ్చ టోపీ, ఇళ్ళు కట్టేవాళ్ళు నెత్తిన పెట్టుకునే గట్టి టోపీ, చంకలో పెట్టుకుని పిల్లిలా గుమ్మం వైపు పోతోంది. తన్లిన్‌లో హైమ పనిచేసే కుట్టు ఫ్యాక్టరీ పిల్లలంతా ఆ నెల మొదటి నుంచీ రోడ్డు మీదే ఉన్నారు, సైన్యం గద్దెనెక్కిన రోజు నుంచీ. అప్పటికి నాలుగు వారాలుగా ఆమె అడ్డం పడుతూనే ఉంది, తలనొప్పి అని, కడుపునొప్పి అని, మీ నాన్న రేవు నుంచి ఫోన్ చేస్తానన్నాడని, ఏదో ఒకటి చెప్పి. ఆ రోజు మాత్రం అడ్డు చెప్పే మాట ఒక్కటీ మిగల్లేదు. హైమ చొక్కా చెయ్యి పైకి జరిగింది. ముంజేతి మీద నల్ల సిరాతో ఏదో రాసుంది. ఏటది, అంటే హైమ చొక్కా చెయ్యి దించుకుంది. చెయ్యి పట్టి లాగి చూసింది. నెత్తురు ఏ గ్రూపుదో తెలిపే ఒక అక్షరం, దాని కింద ఫోన్ నెంబరు. పడిపోతే ఎవరికి కబురు చెయ్యాలో ఆ నెంబరు. అది ఇంటి నెంబరు కాదు. కన్నతల్లి నెంబరు కాదు. పక్క మిషను మీద కుట్టే మ ఫ్యూ అనే పిల్ల తల్లి నెంబరు. ఏమే, నేను బతికే ఉన్నానా, అని అడుగుదామనుకుంది. నోటికన్నా ముందు చెయ్యి లేచింది.

ఏ చెయ్యి అది? రుబ్బురోలు తిప్పిన చెయ్యి. పదిహేనో ఏట నుంచి మినప్పిండి రుబ్బి రుబ్బి మణికట్టు మగవాడి మణికట్టులా రాటుదేరిన చెయ్యి. కరెంటు గ్రైండరు వచ్చాక కూడా, కరెంటు ఉండదు గనక, రోలు వదలని చెయ్యి. బజార్లో ఆడవాళ్ళు ఆ చేతిని చూసి, సింహా, నీ మొగుడు నీ జోలికి రాడంటే ఎందుకో అనుకున్నాం, అని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, ఆ చేతిని చూసుకుని కొంచెం గర్వపడేది. ఆ చెయ్యి, పిండితో తడిగా, ఒక్కగానొక్క పిల్ల ఎడమ చెంప మీద, చెంపకన్నా వెనకగా, చెవి మీద పడింది. టప్ మన్న చప్పుడు. చెంపదెబ్బ చప్పుడులా కాదు, మూతి బిగించిన సీసా తీసినట్టు. ఆ చప్పుడు ఇప్పుడు వినపడుతోంది, ఏడాది దాటాక, ఈ మెట్ల మీద. అప్పుడు వినపడలేదు. అప్పుడు ఆమెకి వినపడింది తలుపు గడియ. తలుపు వేసి, తాళం వేసి, తాళంచెవి రవికలో దోపుకుని, గుమ్మానికి వీపు ఆనించి సాయంత్రం వరకూ కూర్చుంది. హైమ ఏడవలేదు. చెవి చుట్టూ పిండి ఎండి తెల్లగా అట్టకట్టింది. అది గోటితో గీకి తీసుకుంటూ కూర్చుంది. ఏడుపు లేదు గనక దెబ్బ పెద్దది కాదనుకుంది తల్లి.

కొట్టాలని కొట్టలేదు. ఈ మాట ఎవరితో అనాలి? కూర్మనాథంతో అనాలి. కూర్మనాథం ఆమె అన్న, ఎనభై ఎనిమిదిలో పందొమ్మిదేళ్ళవాడు. అప్పుడూ ఇంతే, ఊరంతా సైన్యానికి ఎదురుగా రోడ్డు మీద. వాళ్ళమ్మ వాడిని కొట్టలేదు. పోవద్దురా అని గట్టిగా కూడా అనలేదు. ఎండలో తిరుగుతాడని క్యారేజీలో చద్దన్నం, వేపిన ఎండుచేప సర్ది, దాహానికి సీసా కట్టి, తలకి తువ్వాలు తనే చుట్టి పంపింది. క్యారేజీ తిరిగి వచ్చింది. ఎవరో తెలియని బర్మా పిల్లాడు రెండు రోజుల తరవాత గుమ్మంలో పెట్టి పోయాడు, అన్నం కదపలేదు, మూత కూడా తియ్యలేదు. వాళ్ళమ్మ చచ్చిపోయేదాకా అదే మాట, నేనే సర్దిచ్చాను గదే, నా సేత్తో నేనే సర్దిచ్చాను గదే. పదిహేడేళ్ళ సింహాచలమ్మ అప్పుడే అనుకుంది, నాకు పిల్లలు పుడితే నేను సర్దివ్వను, కాళ్ళు విరగ్గొట్టయినా ఇంట్లో ఉంచుతాను అని. ఉంచింది. అదే గదా చేసింది. ఆ ఆదివారం ఊళ్ళో సైన్యం కాల్పులకి ఎంతమంది పడిపోయారు. మ ఫ్యూ పోయింది, హైమ కోసం వంతెన దిగువన పావుగంట చూసి, ఇక రాదులే అని వెళ్ళిపోయింది. తిరిగి రాలేదు. మర్నాడు ఆ పిల్ల తల్లి డా టిన్, తెల్లారకుండానే, చెప్పులు కూడా లేకుండా వచ్చి తలుపు కొట్టింది. నీ కూతురు నా కూతురితో ఉందా అని అడిగింది. మా పిల్ల ఇంట్లోనే ఉంది, అంది సింహాచలమ్మ. అన్నప్పుడు గొంతులో ఎంత తేలిక ఉందో డా టిన్‌కి వినపడకుండా ఉంటుందా. ఆ తేలికని ఆమె ఇప్పటికీ మరిచిపోలేదు. తలుపు ఎంత మెల్లిగా వేసిందో అదీ మరిచిపోలేదు.

బుధవారం కథ వేరు. బుధవారం బజారు దగ్గరే చప్పుడు బాంబులు వేశారు, జనాన్ని చెదరగొట్టడానికి. హైమ ఉప్పుకని వెళ్ళి ఉప్పు లేకుండా వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది, ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని. “ఏటైంది? బాంబా? బాంబు పడినాదా నీ పక్కన? సెవిలో మోగతందా?” అని తనే అడిగింది. తనే చెప్పింది. హైమ తల ఊపింది, అంతే. ఆ పిల్ల బాంబు అన్న మాట నోటితో అనలేదని ఇప్పుడు ఈ మెట్టు మీద తట్టింది. ఏడాది పొడుగునా బాంబు బాంబు అని అయినవాళ్ళందరికీ చెప్పుకున్నది తనే. పొరుగూరి రేవులో పనిచేసే మొగుడు అప్పలస్వామికి ఫోన్లో చెప్పింది తనే. బజారు స్నేహితురాలు వెంకాయమ్మకి చెప్పింది తనే. సైన్యం వాళ్ళ చేతులు పడిపోవాలని, వాళ్ళ చెవుల్లో సీసం పొయ్యాలని, దీపం పెట్టే ముందు రోజూ తిట్టింది తనే. ఎవరి చేతులు పడిపోవాలని తిట్టింది. ఆ తిట్లన్నీ పక్కగదిలో కూర్చుని ఆ పిల్ల కుడిచెవితో వింటూ ఉంది.

ఐసు నుంచి మొదటి చుక్క పడింది. మోకాలి మీంచి పాదం మీదికి, పాదం మీంచి కింది మెట్టుకి. లేవాలి, లేచి పది మెట్లు ఎక్కితే అయిపోతుంది. ఎక్కితే పరదా తియ్యాలి. తీస్తే హైమ మొహం చూడాలి. ఇంకో చుక్క పడింది.

మోత ఎలా ఉంటదే అమ్మీ, అని ఎన్నోసార్లు అడిగింది. కుక్కరు కూత పెట్టబోయే ముందు సన్నగా ఈల వేస్తదే, అలాగ, కూత మటుకు పెట్టదు, అని చెప్పింది హైమ. కూత పెట్టని కుక్కరు. ఏడాదిగా. నిద్రలో కూడా. మొదట్లో సాయంత్రం ఎనిమిది కొట్టగానే ఊరు ఊరంతా గిన్నెలూ పళ్ళేలూ వాయించేది. ఇంట్లో దూరిన దయ్యాన్ని తరమడానికి బర్మావాళ్ళు చేసే పని అది, సైన్యాన్నీ అలాగే తరుముదామని. ఎంత పిరికిదైనా సింహాచలమ్మ కూడా మూడు వారాలు అట్లకాడ పుచ్చుకుని పెనం వాయించింది. చెవి మోగడం మొదలయ్యాక ఆ చప్పుడు హైమ తలలో సూదుల్లా దిగేది. మంచం కింద దూరి, దిండు నెత్తిన పెట్టుకుని, ఆపమను, వాళ్ళని ఆపమను అని ఏడ్చేది. అందుకని కిటికీలు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, వీళ్ళు మాత్రం వాయించడం మానేశారు. వాళ్ళుండే అంతస్తులో మోగని ఇల్లు ఇదొక్కటే అయింది. పది రోజులకి తలుపు మీద ఎవరో సుద్దతో రాశారు, దలాన్ అని. సైన్యానికి కబుర్లు మోసేవాళ్ళని అలా అంటారు. తుడిచింది, మళ్ళీ రాశారు. తొషే కొనేవాళ్ళు ఎదురుగా ఉన్న బండి దగ్గరికి మారిపోయారు. ఇరవై ఏళ్ళుగా మెట్ల మీద ఎదురైతే అన్నం తిన్నావా అని అడిగే ముసలాయన తల తిప్పుకున్నాడు. మా పిల్లకి చెవి బాధ, బాంబు వల్ల, అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాలనుకుంది. భయం వేసి ఊరుకుంది. వాళ్ళకైనా ఆ అబద్ధం చెప్పకుండా పోయింది, అదొక్కటే నయం.

వానల్లో ఒకరోజు మధ్యాహ్నం హైమ కనపడలేదు. వెతికి వెతికి రేవులో చూసింది. బల్లకట్టు చివర, కాలి వేళ్ళు అంచు దాటి ఉన్నాయి, కింద ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. పిలవలేదు. పిలిస్తే అదిరిపడుతుందేమో, అదిరిపడితే జారుతుందేమో. పాక్కుంటూ పోయి పావడా పట్టుకుంది. “పడవ ఇంజను మోతలో సెవి మోత తెలీదమ్మా. అందుకని ఒచ్చాను, ఇంకేటి కాదు,” అంది హైమ. నమ్మలేదు. ఆ రోజు నుంచి కత్తెర బియ్యం డబ్బాలో దాచింది, కిరసనాయిలు పక్కింటి అటక మీద పెట్టించింది, పిల్ల స్నానానికి వెళితే బయట నిలబడి నీళ్ళ చప్పుడు విరామం లేకుండా వస్తోందా లేదా అని వింటూ ఉండేది. ఈ భయాలన్నీ ఆమెకి చేతనైనవి. జ్వరం అంటే మెదడుకి ఎక్కుతుందని, దగ్గు అంటే ఆక్సిజను దొరకదని, బస్సు ఎక్కితే వంతెన మీద ఆపి దించేస్తారని, ఏ కీడయినా రాకముందే ఆమె ఎదురు వెళ్ళి చూసి వచ్చేది. ఇన్ని కీడులు ఊహించిన మనిషికి ఒక్కటి తట్టలేదు. ప్రపంచంలో ఉన్న అన్ని చేతుల్నీ అనుమానించింది, దోసె తిరగేసే చెయ్యి తప్ప.

వైద్యం ఎంత వెతికింది. వెల్లుల్లి కాచిన నువ్వులనూనె. గుడిలో పూజారి ఇచ్చిన విభూతి. పెద్దాసుపత్రి డాక్టర్లు సమ్మెలో బయటికి వచ్చేస్తే, ఒక బౌద్ధ విహారంలో దొంగచాటుగా రోగుల్ని చూస్తున్న చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన చెవిలో దీపం వేసి చూసి, లోపల సన్నటి వెంట్రుకల్లాంటివి చచ్చిపోయాయి, అవి మళ్ళీ మొలవవు, అలవాటు పడాలి, అన్నాడు. అలవాటు పడాలట. ఆ మాటకి ఆమెకి ఆయన మీద ఎంత కోపం వచ్చిందంటే దణ్ణం కూడా పెట్టకుండా లేచి వచ్చేసింది. బ్యాంకాక్ పోదామంటే విమానాలు లేవు, విశాఖపట్నం పోదామంటే అక్కడ ఎవరూ ఎరిగినవాళ్ళు లేరు. అప్పుడు వెంకాయమ్మ చెప్పింది, లమ్మడాలో ఒక సయామా ఉంది, స్టెమ్ సెల్ అని కొత్త వైద్యం, మా తమ్ముడికి మోకాలికి వేసింది, ఇప్పుడు నేల మీద కూర్చుంటన్నాడు, అని. మోకాలికీ చెవికీ ఏమిటి సంబంధం అని అడగలేదు. మొలుస్తాయట. ఆ ఒక్క మాట చాలింది. అప్పుడే పుట్టిన బిడ్డ బొడ్డుతాడులోంచి తీసిన కణాలు, పచ్చివి, బతికున్నవి, ఎక్కడ పెడితే అక్కడ మొలిచే గుణం ఉన్నవి, అని సయామా ఓపిగ్గా చెప్పింది. ఇంకా పరీక్షల్లోనే ఉంది, చెవికి పనిచేస్తుందని ఎవరూ రుజువు చెయ్యలేదు, తగ్గవచ్చు, ఏమీ కాకపోవచ్చు, ఎక్కువ కావచ్చు, అని కూడా చెప్పింది. సింహాచలమ్మకి తడిగుడ్డలో మూటకట్టిన పెసలు కనిపించాయి. తెల్లారేసరికి తెల్లటి మొలకలు. మిగతాది చెవిన పడలేదు.

ఆ మాట విన్న రోజునే ఇంటికి పోయి ట్రంకు పెట్టె అడుగునుంచి తాయెత్తు తీసింది. వెండిది, చిటికెనవేలు గోరంత. హైమ పుట్టినప్పుడు బర్మా మంత్రసాని మాయనీ బొడ్డునీ ఇంటి కిందే పాతిపెట్టమంది, బొడ్డు రాలిన చోటే మనిషికి సొంత ఊరు, అంది. అత్తగారు ఒప్పుకోలేదు. మాయ పాతిపెట్టనిచ్చింది గానీ, పదకొండో రోజున రాలిన బొడ్డు ముక్కని పసుపు రాసి ఎండబెట్టి, వెండి తాయెత్తులో పెట్టించి పిల్ల మొలతాడుకి కట్టింది. పిల్లకి ఏ రోగం వచ్చినా అది అరగదీసి చనుబాలతో నాకించాలని, పిల్లల్లేనివాళ్ళ కంట పడనివ్వకూడదని చెప్పి పోయింది. సింహాచలమ్మ ఇరవై మూడేళ్ళు దాచింది. ఎవరో పరాయి తల్లి బిడ్డ బొడ్డు ఎందుకు, నా పిల్లది నా దగ్గరే ఉంటేనూ. ఎవరిదైనా వాళ్ళ బిడ్డది తీసి మన బిడ్డకి వేస్తే ఆ బిడ్డకి కీడు కాదూ. ఆ తల్లికి తెలుసా, అడిగి తీసుకున్నారా, ఆ పసిదాని ఏడుపు మా పిల్ల చెవిలోకి వస్తే? తాయెత్తు కొంగున కట్టుకుని తెచ్చి సయామా బల్ల మీద పెట్టింది. గంగాభవాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “పిన్నీ, అది ఎండిపోనాది. మేం వేసేవి బతికున్నవి. ఎండుచేప నీళ్ళలో ఒగ్గితే ఈదుద్దేటి?” అంది. సయామా మాత్రం నవ్వలేదు. తాయెత్తు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, జాగ్రత్తగా తిరిగి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. ఆ పక్కన కూర్చున్న హైమ ఆ వేళ్ళ వంకే చూస్తూ ఉంది. అప్పుడు సిగ్గుతో చూస్తోందనుకుంది. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ పిల్ల చూసింది తాయెత్తుని కాదు, చేతిని.

తాయెత్తు ఇప్పుడూ రొంటినే ఉంది. తడి తగిలి వెండి చల్లబడి పొట్టకి అతుక్కుంది. ఈ పొద్దున్నే కాగితం మీద బర్మా అక్షరాల్లో సంతకం పెట్టింది, సూది చెవిపొర దాటి లోపలికి వెళుతుందని రాసి ఉందట. ఏమైనా జరిగితే ఎవరిదీ పూచీ కాదని రాసి ఉందట. బాంబు పగలగొట్టినదాన్ని బాగుచెయ్యడానికి ఎంత సాహసమైనా చెయ్యవచ్చు అనుకుని పెట్టింది. ఇప్పుడు ఎవరు పగలగొట్టినదానికి ఎవరు సంతకం పెట్టినట్టు? ఈ పిల్ల ఎందుకు ఒప్పుకుంది సూదికి? అడిగిందా ఆ పిల్లని, వేయించుకుంటావా అని? అడగలేదు. రేపు పోదాం, రేపటికి మందు వస్తది, అని చెప్పింది. సరేనమ్మా, అంది. ఆదివారం నుంచీ ఆ పిల్ల దేనికైనా సరేనమ్మా అనే అంటోంది. అంతకుముందు అనేది కాదు. అంతకుముందు ఆ పిల్ల ఎంత ఎదురు చెప్పేది, ఎంత వాదించేది, ఫ్యాక్టరీలో మేస్త్రీని ఎదిరించి వచ్చి ఆ మాటలన్నీ నటించి చూపించి ఎలా నవ్వించేది. ఒక్క దెబ్బతో పోయింది చెవొక్కటే కాదని తోచేసరికి ఆమె వేళ్ళు గోనెపట్టాలోకి దిగిపోయాయి. ఐసు గరుకుగా, మండుతున్నట్టుగా తగిలింది. తియ్యలేదు. మండనీ అనుకుంది.

“పిన్నీ,” పైనుంచి గంగాభవాని కేక. “ఐసు దొరికినాదా లేదా? పెట్టెలో నీళ్ళే ఉన్నాయి.”

పది మెట్ల దూరం. నీళ్ళు ఇప్పుడు చుక్కలుగా కాదు, సన్నటి ధారగా మెట్టు మీంచి మెట్టుకి దిగిపోతున్నాయి. కరిగిపోతుందేమో అని పొద్దున్న భయపడింది, ఇప్పుడు తనే ఒళ్ళో పెట్టుకుని కరిగిస్తోంది. ఇది కావాలని చేస్తున్నానా? తెలీదు. కాళ్ళు లేవడం లేదు, అంతే తెలుసు.

చెప్పుల చప్పుడు. హైమ. రెండు మెట్లు పైన ఆగింది. తల్లిని చూసింది, ఒళ్ళో సగానికి సగం కుంగిపోయిన మూటని చూసింది, మెట్ల మీద తడిని చూసింది. తరవాత తల తిప్పి తెరిచి ఉన్న తలుపునీ, ఇక్కడికీ అక్కడికీ మధ్య ఉన్న దూరాన్నీ చూసింది. ఎప్పటి నుంచి కూర్చున్నావు అని అడగలేదు. దిగి వచ్చి తల్లికి కుడిపక్కన కూర్చుంది, దూది పెట్టిన చెవి తల్లి వైపు వచ్చేట్టుగా.

సింహాచలమ్మ గోడ మీది పెచ్చునే చూస్తూ, వినపడాలో వినపడకూడదో తనకే తెలియని గొంతుతో, ఆ చెవిలోకే అడిగింది.

“ఆదివారం... నా సెయ్యేనా అమ్మీ?”

హైమ వినలేదేమో. దూది ఉంది కదా, మోత ఉంది కదా. మళ్ళీ అడగాలా? ఆ మాట రెండోసారి అనడానికి నోరు వస్తుందా? కింద ఉల్లిపాయల బస్తాలు దించేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు, నీ బస్తా నీ అత్తకన్నా బరువురా అని ఒకడు, అందరూ నవ్వారు. ఉన్నట్టుండి ఆ నవ్వు తెగిపోయింది. సందు మొగలో లారీ వచ్చి ఆగిన చప్పుడు. ఎవరి లారీయో చూడకుండానే తెలుస్తుంది ఈ ఊళ్ళో. కింద ఒక్క గొంతు లేదు. పైన సయామా గదిలో కుర్చీ జరిగి ఆగిపోయింది. తల్లీకూతుళ్ళు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, నీళ్ళు మాత్రం టపటప మెట్లు దిగుతూ ఉన్నాయి, అవి కిందివాళ్ళకి వినపడతాయేమోనని ఆమెకి భయం. చాలాసేపటికి లారీ కదిలింది. ఇంకా చాలాసేపటికి ఒక బస్తా ధబ్‌మని పడింది. “పిన్నీ, ఒంటిగంట అయిపోతంది,” అని గంగాభవాని ఈసారి గొంతు తగ్గించి పిలిచింది.

హైమ మూట విప్పింది. గోనెపట్టా మధ్యలో ఐసు సబ్బుబిళ్ళంత మిగిలింది. దాన్ని కాసేపు చూసి, పక్కన మెట్టు మీద పెట్టింది. తరవాత తల్లి కుడిచెయ్యి తీసుకుంది. వేళ్ళు తెల్లబడి, నాని, ముడతలుపడి, స్పర్శ లేకుండా ఉన్నాయి. పొట్టు ఒకటి అంటుకుని ఉంటే దులిపింది. చెవిలోంచి దూది తీసి ఒళ్ళో పడేసుకుని, ఆ చేతిని ఎత్తి ఎడమ చెవికి ఆనించుకుంది. సింహాచలమ్మ చెయ్యి వెనక్కి లాగబోయింది. పిల్ల రెండు చేతులతో మణికట్టు పట్టుకుంది. ఆ చెవి వెచ్చగా ఉంది. ఏడాదిగా అందులో ఏం మోగుతోందో అది బయటికి వినపడదని తెలిసీ ఆమె అరచేత్తో వినడానికి చూసింది. చెవి వెనక కొట్టుకుంటున్న నాడి ఒక్కటే తగిలింది.

ఒంటిగంట అయిందో లేదో తెలీదు. మెట్టు మీది ఐసు బిళ్ళ అంచులు పోయి గుండ్రంగా అయింది, తరవాత పలచనైంది, తరవాత తడి మరక అయింది.

“అవునమ్మా, నీ దెబ్బే,” అంది హైమ. “సూదికి తగ్గుద్దో తగ్గదో సయామాకే తెలీదంట. సల్లగా ఉంది. సెయ్యి తియ్యకు.”